ఆ నేల ఊరిది



ఈ పూట మిమ్మల్ని నాతో పాటు ఓ ఊరికి తీసుకెళ్దామని ఉంది. దూరమే. స్కాట్లాండ్ తూర్పు తీరాన, సముద్రాన్ని ఆనుకొని, సెయింట్ ఆండ్రూస్ అని ఓ చిన్న ఊరు. ఎడింబరోలో రైలెక్కి ల్యూకర్స్ అనే స్టేషన్లో దిగాలి. అక్కణ్నుంచి బస్సు. సెయింట్ ఆండ్రూస్‌కి రైలు లేదు. ఒకప్పుడుండేది, 1969లో తీసేశారు. బస్సు ఊరిని సమీపించేసరికి ఎడమ పక్కన పచ్చటి బయలు కనిపిస్తుంది. దాని వెనక ఇసుక దిబ్బలు. ఆ వెనక సముద్రం. ఎదురుగా ఊరి రాతి గోపురాలు.

ఆ పచ్చటి బయలు గురించే మాట్లాడతాను. దాని మీద మేం స్నేహితులం కలిసి ఆడిన ఒక ఆట గురించి. గోల్ఫ్ ఆట.

"గోల్ఫా! అది డబ్బున్నవాళ్ల ఆట, మనకెందుకులే" అని స్టేషను మార్చకండి. ఒక్క పావుగంట నాతో ఉండండి. నేనూ అలాగే అనుకునేవాణ్ని. గోడ కట్టి, గేటు పెట్టి, కాపలా ఉంచి, లోపల కొద్దిమంది ఆడుకునే ఆట అనుకునేవాణ్ని. ఆ ఊరు వెళ్లాక తెలిసింది, ఆ ఆట పుట్టిన చోట గోడ లేదు. గేటు లేదు. ఆ నేల ఊరిది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆ నేల ఊరిది.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. నిమ్మకాయంత బంతి. ఎక్కడో దూరంగా, నేలలో ఓ గుంట. మనం గోలీలాడటానికి తవ్వుకునే గుంట కంటే కొంచెం పెద్దది, అంతే. కర్రతో బంతిని కొట్టుకుంటూ నడిచి వెళ్లి, ఆ గుంటలో వేయాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. ఒక గుంట అయ్యాక ఇంకో గుంట. అలా పద్దెనిమిది. గుంట చుట్టూ తివాచీలా నున్నగా కోసిన గడ్డి ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. దారిలో అక్కడక్కడా ఇసుక గోతులుంటాయి. వాటిని బంకర్లంటారు. బంతి అందులో పడితే బయటికి తీయడం కష్టం. ఆట ఇంతే. ఇక మీకూ నాకూ సమానంగా తెలుసు.

మేం నలుగురం. అందులో ముగ్గురం గుంటూరులో ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లం. ఒకడు డాక్టరై డండీ వెళ్లాడు. సెయింట్ ఆండ్రూస్‌కి పక్క ఊరే డండీ, మధ్యలో టే నది ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. ఇంకొకడు తెనాలిలో బట్టల కొట్టు నడుపుతాడు. వాడికి గోల్ఫ్ కర్ర పట్టుకోవడం తెలియదు. మమ్మల్ని చూడ్డానికే అంత దూరం వచ్చాడు. నాలుగో మనిషి డాక్టరు భార్య. రాజమండ్రి ఆడపడుచు. మా అందరిలోకీ ఆట బాగా వచ్చినది ఆవిడకే. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఈ ఆట నేర్చుకున్నాను. సముద్రపు గాలిలో ఆడటం నాకు అలవాటే అనుకొని వెళ్లాను. ఆ గాలి వేరు, ఈ గాలి వేరు అని తరవాత తెలిసింది.

సెయింట్ ఆండ్రూస్‌లో ఆడుకునే మైదానాలు ఏడున్నాయి. అన్నిటికంటే పాతదాన్ని ఓల్డ్ కోర్స్ అంటారు, అంటే పాత మైదానమనే. ప్రపంచంలో గోల్ఫ్ ఆడే ప్రతి మనిషికీ చనిపోయేలోగా ఒక్కసారి అక్కడ ఆడాలని ఉంటుంది. మరి అంతమందికి చోటెలా? చీటీలు వేస్తారు. అవును, మన లక్కీ డ్రాల్లో లాగే. ఎల్లుండి ఆడాలంటే ఇవాళ మధ్యాహ్నం రెండింటిలోగా పేర్లివ్వాలి. ఆట వచ్చని చూపించే హ్యాండీక్యాప్ అనే లెక్క ఒకటి ఉండాలి. అంతే. ఎవరి పేరు తగిలితే వాళ్లు ఆడతారు. పెద్దవాడా, చిన్నవాడా అని చీటీ చూడదు.

సోమవారం మా పేర్లు తగల్లేదు. మంగళవారం తగల్లేదు. బుధవారమూ తగల్లేదు. గురువారం సాయంత్రం డాక్టరు ఇంట్లో పెసరట్లు తింటున్నాం. వాడి ఫోను మోగింది. చూసుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. ఫోను బల్ల మీద పెట్టి, భార్యకేసి చూసి, "వచ్చిందే" అన్నాడు. ఆవిడ చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. అరవై దాటిన మేం ముగ్గురం లేచి నిలబడి ఒకళ్ల భుజాలొకళ్లం పట్టుకుని ఊపేసుకున్నాం. పరీక్షా ఫలితాలు వచ్చిన రోజున గుంటూరులో సరిగ్గా అలాగే చేశాం.

శనివారం ఉదయం. మే నెల చివర. ఆకాశం సగం నీలం, సగం మబ్బు. మొదటి గుంటకి బంతి కొట్టే చోటుని టీ అంటారు. ఆ చోటు ఊళ్లోనే ఉంది. ఊరి చివర కాదు, ఊళ్లో. వెనక పాత రాతి భవనం. పక్కన వీధి. వీధిలో కొట్లు, ఇళ్లు. దారినపోయేవాళ్లు ఆగి, కటకటాల మీద చేతులానించి చూస్తారు. ఎదురుగా గడ్డి బయలు. ఎంత వెడల్పంటే, వెళ్లే దారీ వచ్చే దారీ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో గట్టు కూడా లేదు.

మేం ఆడేవాళ్లం ముగ్గురమే కాబట్టి నాలుగో ఆటగాడిగా ఆ ఊరి పెద్దాయన ఒకర్ని మాతో కలిపారు. డెబ్భై దాటిన మనిషి. పోస్టుమేన్‌గా పనిచేసి రిటైరయ్యారట. పాత స్వెట్టరు, భుజాన చిన్న సంచి, అందులో అయిదారు కర్రలు. అందరికీ చేయి కలిపారు.

"ముందు మీరు కానివ్వండి అన్నయ్యగారూ" అంది డాక్టరు భార్య.

"లేదమ్మా, ముందు నువ్వే. మాకు ధైర్యం వస్తుంది" అన్నాను.

ఆవిడ కొట్టింది. బంతి గాలిలో చిన్న చుక్కయిపోయి, మెత్తగా దిగి, తిన్నగా దొర్లింది. కటకటాల దగ్గర నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. తెనాలివాడు మాత్రం ఈల వేశాడు.

నా వంతు వచ్చింది. కర్ర ఎత్తబోతున్నాను. పోస్టుమేన్ గారు చేయి చూపించి ఆగమన్నారు. ఎందుకో చూశాను. ఒక తల్లి పిల్లాణ్ని తోపుడుబండిలో పెట్టుకుని మైదానానికి అడ్డంగా నడిచి వస్తోంది! అక్కడ ఒక దారి ఉంది. గ్రానీ క్లార్క్స్ వైండ్ అని దాని పేరు. వైండ్ అంటే ఆ ఊరివాళ్ల మాటలో సందు. ప్రపంచంలోకెల్లా పేరున్న గోల్ఫ్ మైదానం మధ్య నుంచి, మొదటి గుంట దారినీ చివరి గుంట దారినీ కోసుకుంటూ, జనం సముద్రపొడ్డుకి నడిచివెళ్లే సందు. మేం ఆగాం. ఆవిడ తాపీగా దాటింది. మాకేసి చేయి ఊపింది. అప్పుడు నేను కొట్టాను.

సందు జనానిది. మైదానం జనానిది. ఆటగాడే ఆగాలి. నాకు మొదటి అయిదు నిమిషాల్లోనే అర్థమైంది, ఆ నేల ఊరిది.

నడుస్తూ పెద్దాయన చెప్పడం మొదలుపెట్టారు. గోల్ఫ్‌లో ఉన్న గొప్పతనం అదే. ఆట కొన్ని క్షణాలు, నడక కొన్ని గంటలు. మాట్లాడుకోవడానికి అంత వీలైన ఆట ఇంకోటి లేదు.

ఈ మైదానాన్ని ఎవరు కట్టారండీ అని అడిగాను. ఎవరూ కట్టలేదన్నారు. సముద్రం ఇసుకని ఒడ్డున పోసింది. గాలి ఆ ఇసుకని లోపలికి తోసింది. దాని మీద పొట్టి గడ్డి మొలిచింది. దున్నితే పంట రాని నేల. అందుకని ఊరు దాన్ని మేతకి వదిలేసింది. గొర్రెలు మేశాయి, కుందేళ్లు కొరికాయి, గడ్డి నున్నబడింది. చలిగాలికి తట్టుకోలేక గొర్రెలు గట్ల చాటున ఒదిగి పడుకుని పడుకుని గోతులు పడ్డాయట. అవే ఇవాళ్టి ఇసుక గోతులని చెప్పుకుంటారు. అలాంటి నేలని స్కాట్లాండ్‌లో లింక్స్ అంటారు. సముద్రానికీ సాగుభూమికీ మధ్య ఉండే నేల అన్నమాట.

ఆ నేల మీద ఊరివాళ్లు కర్రతో బంతి కొట్టుకోవడం ఎప్పుడు మొదలుపెట్టారో కచ్చితంగా చెప్పలేం. కానీ 1457 నాటికే స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ ఈ ఆటని నిషేధించాడు. జనం విలువిద్య సాధన మానేసి దీని వెంట పడుతున్నారని. రాజు వద్దన్నంత మాత్రాన పిచ్చి పోతుందా? 1552లో ఆ ఊరి ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ ఒక పత్రం ఒప్పుకున్నాడు. ఆ బయల్లో కుందేళ్లు పెంచుకునే హక్కు ఆయనది. గోల్ఫ్ ఆడుకునే హక్కు ఊరి జనానిది. ఆడుకునే హక్కుని కాగితం మీద రాసుకున్నారు, వినండి. ఆస్తి హక్కు కాదు, నీటి హక్కు కాదు. ఆడుకునే హక్కు!

పెద్దాయన ఈ మాట చెప్తున్నప్పుడు ఆయన మొహంలో చూసిన వెలుగు నేను మరిచిపోలేను. ఇంట్లో తాతల నాటి పట్టా చూపించే రైతు మొహంలో ఉంటుందే, అలాంటి వెలుగు.

తరవాత ఓ చెడ్డ రోజూ వచ్చిందట. 1797లో ఊరి పాలకమండలి అప్పులపాలై ఆ నేలని అమ్మేసింది. కొన్నవాళ్ల నుంచి అది కుందేళ్ల వ్యాపారుల చేతికి వెళ్లింది. వాళ్లు కుందేళ్లని వదిలారు. నేలంతా బొరియలు. బంతి కొడితే బొరియలో పడుతుంది. ఊరివాళ్లకి కడుపు మండింది. కోర్టులకెక్కారు. ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఆ గొడవని ఇప్పటికీ కుందేళ్ల యుద్ధం అనే పిలుస్తారు. చివరికి 1821లో ఆ పక్క ఎస్టేటు భూస్వామి జేమ్స్ చీప్ ఆ నేలని కొని ఆటకే ఉంచాడు. 1894లో పార్లమెంటులో ఒక చట్టం చేయించుకుని ఊరు తన నేలని తాను తిరిగి కొనుక్కుంది. ఇప్పుడొక ట్రస్టు చూసుకుంటోంది. నేల మాత్రం ఊరిదే.

ఈ కథ వింటుంటే నాకు మా ఊరు కళ్లముందు మెదిలింది. మా ఊరి చెరువు గట్టు కింద ఒక పోరంబోకు బయలుండేది. పొద్దున పశువులు మేసేవి. సాయంత్రం మేం చెడుగుడు ఆడేవాళ్లం, బిళ్లంగోడు ఆడేవాళ్లం. సంక్రాంతికి ఎడ్ల పందేలు అక్కడే. అది మాది అని మేమెన్నడూ కాగితం మీద రాసుకోలేదు. రాసుకోవాలని ఎవరికీ తోచలేదు. ఓసారి సెలవులకి వెళ్లేసరికి ముళ్లకంచె ఉంది. ఇంకోసారి వెళ్లేసరికి గోడ ఉంది. ఆ గోడ పక్కన నిలబడి మా మేనల్లుడు, "మావయ్యా, ఇక్కడ మీరు ఆడేవాళ్లా?" అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ ఊరివాళ్లు ఇరవై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగింది బంతి కోసం కాదని, వాళ్ల పిల్లలు ఇలాంటి ప్రశ్న అడగకుండా ఉండటం కోసమని నాకనిపించింది.

సరే, ఆటలోకి వద్దాం.

దారి పొడవునా పసుప్పచ్చటి పూలు. గోర్స్ అనే ముళ్లపొద అది. కొబ్బరి వాసన వేస్తుంది. నిజంగా కొబ్బరి వాసనే! డాక్టరు భార్య ఓ పువ్వు వాసన చూసి, "కొబ్బరుండలు గుర్తొస్తున్నాయండీ" అంది. పైన ఎక్కడో ఓ పిట్ట ఆగకుండా పాడుతోంది. మన చేలల్లో బురుతపిట్ట అంటాం చూడండి, నిటారుగా ఆకాశంలోకి లేచి పాడుతుంది, దానికి దగ్గర చుట్టం. ఓ పక్క ఊరి గోపురాలు చిన్నవవుతున్నాయి. ఇంకో పక్క ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటు దగ్గరవుతోంది. నేల చదునుగా ఉండదు. అలలు అలలుగా ఉంటుంది. సముద్రం వెనక్కి పోతూ తన ఆకారం ఇక్కడ వదిలి వెళ్లిందా అనిపిస్తుంది.

తెనాలివాడు మా పక్కనే నడుస్తున్నాడు. వాడు ఆడటం లేదు కానీ వాడి కళ్లు అన్నీ చూస్తున్నాయి. ఉన్నట్టుండి, "ఒరేయ్, ఈ గ్రీన్ మీద రెండు జెండాలున్నాయేంట్రా? ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు" అన్నాడు.

అదే ఓల్డ్ కోర్స్ ప్రత్యేకత. ఒకే గ్రీన్ మీద రెండు గుంటలు. వెళ్లేవాళ్లకి ఒకటి, తిరిగొచ్చేవాళ్లకి ఒకటి. మన చిన్న రోడ్డు మీద ఎదురెదురు బస్సులు తప్పుకున్నట్టు, వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే గడ్డి మీద కలుసుకుంటారు. పలకరించుకుంటారు. రెండో గుంటా పదహారో గుంటా ఒకే గ్రీన్ మీద. మూడూ పదిహేనూ ఒకే గ్రీన్ మీద. తెనాలివాడు కాసేపు పెదాలు కదిపాడు. కొట్టులో లెక్కలు వేసే బుర్ర కదా. "రెండూ పదహారూ పద్దెనిమిది. మూడూ పదిహేనూ పద్దెనిమిది. నాలుగో దానికి జోడు పద్నాలుగు అయ్యుండాలి!" అన్నాడు. పెద్దాయనకి తర్జుమా చేసి చెప్పాం. ఆయన ఆగి, టోపీ తీసి, వాడికి వంగి నమస్కరించారు. అలాంటి గ్రీన్లు ఏడున్నాయి. ఏడింటిలోనూ కూడితే పద్దెనిమిదే.

అసలు పద్దెనిమిది అనే లెక్క పుట్టింది కూడా అక్కడే. మొదట అక్కడ ఆట ఇరవై రెండు గుంటలు. 1764లో ఊళ్లోని మొదటి నాలుగు గుంటల్ని రెండుగా కలిపేశారు. వెళ్లేటప్పుడు రెండు తగ్గాయి, వచ్చేటప్పుడు రెండు తగ్గాయి. మిగిలింది పద్దెనిమిది. ఒక ఊరివాళ్లు తమ సౌకర్యం కోసం చేసుకున్న సర్దుబాటుని తరవాత లోకమంతా పాటించింది. హైదరాబాదులో గోల్కొండ కోట నయా ఖిల్లా పక్కన ఆడినా, విశాఖలో ఆడినా ఇవాళ పద్దెనిమిదే.

బంతి గురించి కూడా ఓ ముచ్చట చెప్పాలి. పూర్వం తోలు సంచిలో బాతు ఈకలు కూరి బంతి కుట్టేవారు. ఖరీదెక్కువ. తడిస్తే పాడైపోయేది. బీదవాడికి అందేది కాదు. 1840ల్లో గట్టాపర్చా అనే చెట్టుపాలతో బంతి చేయడం మొదలైంది. చౌక. ఆట అందరికీ అందింది. ఆ చెట్టుపాలు సెయింట్ ఆండ్రూస్‌కి ఎలా చేరాయో ఆ ఊళ్లో ఓ కథ చెప్పుకుంటారు. తూర్పు దేశాల నుంచి ఒక ఇంటికి విష్ణుమూర్తి విగ్రహం వచ్చిందట. దెబ్బ తగలకుండా పెట్టెలో చుట్టూ గట్టాపర్చా ముక్కలు పేర్చారట. ఆ ఇంటి కుర్రాడు ఆ ముక్కల్ని వేడినీళ్లలో మెత్తబరిచి బంతి చేశాడట. కథలో నిజమెంతో గానీ, సముద్రపు గాలిలో నిలబడి అది వింటున్నప్పుడు మా రాజమండ్రి ఆడపడుచు రెండు చేతులూ జోడించింది.

పదకొండో గుంట దగ్గర అందరూ ఒక్క నిమిషం ఆగుతారు. అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ 1921లో అక్కడ ఇసుక గోతిలో చిక్కుకుని, విసిగి, పోటీ మధ్యలోనే మానేశాడు. అప్పుడతనికి పందొమ్మిదేళ్లు. ఆరేళ్ల తరవాత తిరిగొచ్చి అదే మైదానంలో గెలిచాడు. ఊరు అతన్ని ఎంత ప్రేమించిందంటే, 1958లో పిలిచి తన పౌరుడిగా గౌరవించుకుంది. అలిగి వెళ్లిన పిల్లాణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నట్టు.

పద్నాలుగో గుంట దారిలో ఉంది అసలు గొయ్యి. దాని పేరే హెల్ బంకర్. నరకం గొయ్యి. మనిషి ఎత్తు దాటిన గోడ. జాక్ నిక్లాస్ అంతటి గొప్ప ఆటగాడికి 1995లో అందులోంచి బయటపడటానికి నాలుగు దెబ్బలు పట్టింది. మా డాక్టరు బంతి సరిగ్గా వెళ్లి అందులో పడింది. వాడు దిగాడు. పై నుంచి చూస్తే వాడి టోపీ మాత్రమే కనిపిస్తోంది. ఒక దెబ్బ. ఇసుక లేచింది, బంతి రాలేదు. రెండో దెబ్బ. బంతి గోడకి తగిలి వాడి కాళ్ల దగ్గరికే వచ్చింది. గాలి ఆగినట్టయింది. మూడో దెబ్బ. బంతి గోడ మీంచి లేచి, మా ముందు గడ్డి మీద పడింది. మేం నలుగురం ఒక్కసారిగా అరిచాం. పక్క దారిలో వెళ్తున్న ముక్కూమొహం తెలియని ఆటగాళ్లు కూడా కర్రలెత్తి కేక పెట్టారు. గోతిలోంచి బయటికి వచ్చిన మా వాడి కళ్లలో నీళ్లున్నాయి. ముప్ఫై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నాను, ఇవాళ నేనీ ఊరివాణ్ని అనిపించిందిరా అన్నాడు.

చివరి గుంటకి వెళ్లాలంటే స్విల్కన్ వాగు దాటాలి. వాగు మీద చిన్న రాతి వంతెన. ఏడెనిమిది అంగల్లో దాటేయొచ్చు. ఏడు వందల ఏళ్ల కిందట గొర్రెల కాపర్లు మందని దాటించడానికి కట్టుకున్నదంటారు. గొప్ప గొప్ప ఆటగాళ్లు తమ చివరి ఆట ఆడిన రోజు ఆ వంతెన మీద నిలబడి జనానికి చేయి ఊపి వెళ్లారు. 2005లో నిక్లాస్ అలాగే నిలబడ్డాడు. మేం నిలబడ్డప్పుడు ఎవరికీ మాట రాలేదు. పెద్దాయన మా ఫోను తీసుకుని ఫొటో తీశారు. తెనాలివాణ్ని కూడా పిలిచి మధ్యలో నిలబెట్టారు. మీరు కూడా మొత్తం నడిచారు కదా అన్నారు.

ఎవరు గెలిచారని అడగబోతున్నారు కదూ? డాక్టరు భార్య. పెద్దాయన కంటే రెండు దెబ్బలు తక్కువ.

మే చివర అక్కడ రాత్రి పది దాకా వెలుతురు పోదు. సాయంత్రం ఊరి చివరి పాత చర్చి శిథిలాల్లోకి వెళ్లాం. అక్కడి శ్మశానంలో టామ్ మోరిస్ సమాధి ఉంది. ఆయన బంతులు చేసేవాడు, కర్రలు చేసేవాడు, మైదానం చూసుకునేవాడు. దేశపు పెద్ద పోటీ నాలుగుసార్లు గెలిచాడు. ఆయన కొడుకు పేరు కూడా టామే. ఆ కొడుకూ నాలుగుసార్లు గెలిచాడు. 1875లో తండ్రీకొడుకులు దూరంగా ఓ ఊళ్లో ఆడుతుండగా, కొడుకు భార్యకి కాన్పు కష్టమైందని తంతి వచ్చింది. పడవ మీద సముద్రం దాటి వచ్చేసరికి తల్లీబిడ్డా లేరు. ఆ సంవత్సరమే క్రిస్మస్ రోజున కొడుకూ పోయాడు. ఇరవై నాలుగేళ్ల వయసు. తండ్రి ఆ తరవాత ముప్ఫై రెండేళ్లు బతికాడు. చాలా ఏళ్లు అదే మైదానాన్ని సాకుతూ. ఆ రాయి ముందు మేం చాలాసేపు నిలబడ్డాం.

తిరిగి వస్తుంటే మైదానం పక్కనే నవ్వులు వినిపించాయి. అక్కడ హిమాలయాలున్నాయి! అవును, దాని పేరు హిమాలయాస్. ఎగుడుదిగుడు దిబ్బలతో నిండిన చిన్న గడ్డి మైదానం. 1867లో ఆడవాళ్ల కోసం పెట్టారు. ఆ రోజుల్లో ఆడవాళ్లు కర్రని భుజం పైకి ఎత్తి కొట్టకూడదన్న కట్టుబాటు. అందుకని వాళ్లు నేల మీద బంతిని దొర్లించే ఆటకే ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది. కొద్దిపాటి డబ్బిస్తే ఎవరైనా ఆడొచ్చు. పిల్లలు, ముసలివాళ్లు, కర్ర పట్టనివాళ్లు, అందరూ.

తెనాలివాడి చేతికి కర్ర ఇచ్చాం. వాడు నేల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, దిబ్బ వాలు చూశాడు. చిన్నప్పుడు గోలీలాటలో వాడు అలాగే కూర్చునేవాడు. బజారులో వాడి జేబు నిండా మా గోలీలే ఉండేవి. మెల్లగా తట్టాడు. బంతి దిబ్బ ఎక్కింది, వంపు తిరిగింది, జారింది, గుంటలో పడింది. టక్కుమని చప్పుడు. "గుంట గుంటేరా, ఎక్కడైనా" అన్నాడు వాడు. ఆ సాయంత్రం పద్దెనిమిది గుంటల్లోనూ వాణ్ని గెలిచినవాళ్లు లేరు. మా ఆడపడుచు కూడా ఓడిపోయింది. "అన్నయ్యగారూ, మీరు ఇన్నాళ్లూ బట్టల కొట్లో ఏం చేస్తున్నారు?" అంది.

మర్నాడు ఆదివారం.

ఆదివారం ఓల్డ్ కోర్స్‌లో ఆట ఉండదు. పెద్ద పోటీలున్నప్పుడు తప్ప. ప్రపంచం నలుమూలల నుంచి జనం డబ్బు పట్టుకుని నిలబడ్డా సరే, ఆట ఉండదు. మీకు విశ్రాంతి అక్కర్లేకపోవచ్చు, నేలకి కావాలి అని టామ్ మోరిస్ అనేవాడట. ఆదివారం ఆ మైదానం ఊరి పార్కు అయిపోతుంది. మేం వెళ్లేసరికి గడ్డి మీద దుప్పట్లు పరుచుకుని కుటుంబాలు కూర్చున్నాయి. కుక్కలు పరిగెడుతున్నాయి. ఎవరో ముసలావిడ వాగు గట్టున పుస్తకం చదువుకుంటోంది. నిన్న మేం ఊపిరి బిగబట్టి నడిచిన చోట పిల్లలు దొర్లుతున్నారు. నిన్న చూసిన అందం వేరు, ఇవాళ చూసిన అందం వేరు. నా మనసుకి ఇదే ఎక్కువ నచ్చింది.

పెద్దాయన కుక్కతో ఎదురొచ్చారు. చేయి పట్టుకుని నాలుగేళ్ల మనవరాలు. అందరం కలిసి గ్రానీ క్లార్క్స్ సందు దాటి సముద్రపొడ్డుకి వెళ్లాం. మైళ్ల కొద్దీ ఇసుక. ఈ ఇసుకే గాలికి లేచి లేచి ఆ మైదానం అయింది.

ఆ పాప చిన్న బకెట్‌తో ఇసుక పోస్తోంది. కోట కడుతోంది, కూలిపోతోంది. మళ్లీ కడుతోంది. మా తెనాలివాడు చెప్పులు విడిచాడు. పాప పక్కన చతికిలబడి, తన పాదాన్ని తడి ఇసుకలో పెట్టి, పైన ఇసుక కప్పాడు. అరచేత్తో మెత్తగా తట్టాడు. ఇంకా కప్పాడు, ఇంకా తట్టాడు. తరవాత ఊపిరి బిగబట్టి, మెల్లగా, చాలా మెల్లగా పాదాన్ని వెనక్కి లాగాడు.

పిచ్చుకగూడు నిలిచింది. పాప వంగి లోపలికి చూసింది. తరవాత తన బూటు విప్పేసి, చిన్న పాదాన్ని వాడి పాదం పక్కన పెట్టింది.